మోత లేని కారు

పాలెం,
విడవలూరు మండలం.
మార్గశిరం, సోమవారం పొద్దున.

చిన్నపోలయ్య మామకు మహాలక్ష్మి దండం పెట్టి రాస్తున్నది.

ఇక్కడ నేను, అవ్వ, ప్రత్యూష, కారు, నలుగురమూ క్షేమం. అవ్వ మోకాళ్లు మాత్రం క్షేమం కాదు, అది నీకు తెలిసిందే. నీ కూతురికి కావలి కాలేజీలో పరీక్షలు దగ్గర పడ్డాయి, ఈ ఆదివారం ఇంటికి రాలేదు. నువ్వు కూడా క్షేమంగా ఉన్నానని రాశావు. ఆ మాట నేను నమ్మానో లేదో కింద రాస్తాను. ముందే అక్కడికి దూకకుండా వరసగా చదువు.

నీ ఉత్తరం మీ బోటులో పనిచేసే మధుబాబు మొన్న తెచ్చిచ్చాడు. గుజరాతు నుంచి రెండు రోజులు రైల్లో వాడి జేబులో నలిగి నలిగి వచ్చింది. రెండు పేజీల్లో ఒక పేజీ పూర్తిగా కారు కొన్నందుకు తిట్లే. నేనేమీ బాధపడలేదు, అన్నం తినేటప్పుడు అవ్వకు కూడా చదివి వినిపించాను. "వాళ్ల నాయన కూడా ఇట్టాగే రాసేవాడు. తిట్లు అయిపోయినాక రెండో పేజీలో పసుపు కొమ్ములు కావాల్నా అని అడిగేవాడు" అన్నది. నీ రెండో పేజీలో పసుపు కొమ్ముల మాట లేదు గానీ ప్రశ్నలున్నాయి. ఇరవై రోజులు సముద్రం మీద ఉండి, ఒడ్డుకు వచ్చిన రెండు రోజుల్లో నువ్వు ఫోను చేస్తావు. చెప్పబోతే నా మాట సాగనివ్వవు. కాగితం మీదైతే అడ్డం రాలేవు కదా, అందుకే ఒక్కొక్క ప్రశ్నకు పద్ధతిగా జవాబు రాస్తున్నాను. నిన్ను బతిమాలుకోవడానికి రాస్తున్నానని మాత్రం అనుకోకు. కారు కొన్నాను, అమ్మను.

ఎవరినడిగి కొన్నావన్నావు. ఎవరినీ అడగలేదు. అడిగితే నువ్వు వద్దంటావు. వద్దన్న తర్వాత కొంటే మొగుడి మాట కాదన్న దాన్నవుతాను. అడక్కుండా కొంటే ఒట్టి మొండిదాన్ని మాత్రమే అవుతాను. నేను మొండిదాన్నని నీకు పెళ్లికి ముందే తెలుసు. నీ అక్క కూతుర్ని, కొత్తగా తెలుసుకోవడానికేముంది.

రెండు లక్షల ఎనభై ఆరు వేల కిలోమీటర్లు తిరిగిన ముసలి కారును కొనడానికి నీకు మతి పోయిందా అన్నావు. ఆ జ్ఞానం నువ్వు పెట్టిందే మామా. చెన్నైలో పాత కార్లు అమ్మేచోట ఒకే ధరకు రెండు కార్లు చూపించారు. ఒకటి తెల్లది, డీజిలు కారు, ముప్ఫై ఎనిమిది వేలు మాత్రమే తిరిగింది. నాలుగేళ్లు షెడ్డులో కప్పు కింద పడి ఉందట. రెండోది బూడిద రంగుది, పెద్ద పెద్ద ఆఫీసర్లు తిరిగే ఖరీదైన కారు, సగం పెట్రోలు సగం కరెంటు. ఒక కంపెనీ వాళ్లు తొమ్మిదేళ్లు చెన్నైకీ బెంగళూరుకీ తిప్పారు. అమ్మేవాడు నన్ను తెల్లకారు దగ్గరికే లాగుతున్నాడు. "తక్కువ తిరిగింది మేడం" అంటాడు. నాకు నువ్వు శివశంకర్‌కు చెప్పిన మాట గుర్తొచ్చింది. నాలుగేళ్లు ఒడ్డున బోర్లించిన పడవను వాడు చవగ్గా వస్తుందని కొనబోతే ఏమన్నావు? "ఎండలో పడుండే పడవకి చెక్క పగులుద్దిరా, రోజూ పోయి తిరిగొచ్చే పడవని కొను. దానికి సముద్రం తెలుసు" అన్నావా, లేదా? నీ మాట విని శివశంకర్ బాగుపడ్డాడు. నేను వింటే మతి పోయిందంటున్నావు.

గుడ్డిగా కూడా కొనలేదు. మన బోట్ల ఇంజన్లు బాగుచేసే సమాధానం అన్నను వెంటబెట్టుకుని పోయాను. కారుకు మొదటి రోజు నుంచి చేయించిన సర్వీసు పుస్తకం ఉంది, ఎక్కడా ఖాళీ లేదు. అన్న పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, దాని మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. బోటు ఇంజన్లకు చేసినట్టే. అమ్మేవాడు లోపల కూర్చుని మీట నొక్కాడు. చప్పుడు లేదు. అన్న చోటు మార్చి మళ్లీ పెట్టాడు. లేదు. స్క్రూడ్రైవరు తీసి నా దగ్గరికి వచ్చి, "చచ్చిన ఇంజన్ని మనకంటగడతుండారు చెల్లె, పదాం పా" అన్నాడు. అమ్మేవాడికి తెలుగు వచ్చు, వాడికి కోపం వచ్చింది. కారును అట్లాగే ముందుకు పోనిచ్చాడు. చప్పుడు లేకుండా కారు కదిలి మీదికి వచ్చేసరికి అన్న వెనక్కి ఎగిరి గోడకు ఆనుకున్నాడు. మెల్లిగా పోయేటప్పుడు అది కరెంటు మీదే పోతుందట, ఇంజనుతో పని లేదట. నలభై ఏళ్లు ఇంజన్లు విన్న మనిషి, వినపడకపోతే చచ్చిందనే అనుకుంటాడు, ఆయన తప్పు కాదు. దారంతా తనలో తాను నవ్వుకుంటూనే వచ్చాడు. నేను మాత్రం చప్పుడు లేదన్న దగ్గరే ఆగిపోయాను. ఇంకో పరీక్ష కూడా చేశాను, దానికి అమ్మేవాడు నన్ను పిచ్చిదాని కింద జమకట్టాడు. అది చివర్లో చెబుతాను.

దానికి జబ్బులు లేవని అనను. వెనక ఎడమ తలుపు అద్దం దిగడానికి తీరుబడిగా దిగుతుంది. గుంతలో పడితే ముందు చక్రం దగ్గర టక్కుమంటుంది. కరెంటు దాచుకునే బ్యాటరీ వెనక సీటు కింద ఉంది, దానికి గాలి పీల్చే జాలీ నిండా దుమ్మూ కుక్కబొచ్చూ. అన్న దాన్ని విప్పి రెండు గంటలు శుభ్రం చేశాడు, ఆ తర్వాత లోపలి ఫ్యాను రొద తగ్గింది. బ్యాటరీ ఇంకా మూడు నాలుగేళ్లు వస్తుందన్నారు. రాకపోతే అప్పుడు చూసుకుందాం. అన్నీ కొత్తవిగా ఉండాలంటే నీ పక్కన నేను కూడా ఉండకూడదు.

కరెంటు సరిగా ఉండని ఊళ్లో ప్లగ్గు ఎక్కడ పెడతావని వెక్కిరించావు. ప్లగ్గే లేదు. బ్రేకు తొక్కినప్పుడు, వంతెన దిగేటప్పుడు దాని కరెంటు అదే తయారుచేసుకుంటుంది. పెట్రోలు పొయ్యడం, పోవడం, అంతే.

డ్రైవరుగా ఎవడిని పెట్టావని రాశావు. ఆ "ఎవడు" అన్న మాట నాకు నచ్చలేదు. నేనే డ్రైవర్ని. కొడవలూరులో స్కూలు వ్యాను నడిపే అబిగయీలు నేర్పింది. శ్రావణం నుంచి మూడు నెలలు, పొద్దున చేపల గంప ఖాళీ చేసి, చేతులు కడుక్కుని, ఆమె పాత కారు మీద నేర్చుకున్నాను. మొదటి రోజు హైవే మీద లారీని చూసి కళ్లు మూసుకున్నాను. "కళ్లు మూసుకుంటే లారీ పోదు మే, నువ్వే పోతావు" అన్నది. లైసెన్సు పరీక్షలో ఒకసారి తప్పాను, వెనక్కి నడిపేటప్పుడు కర్ర పడిపోయింది. రెండోసారి కర్ర అట్లాగే నిలబడింది, ఆఫీసరు మాత్రం పక్కకు తప్పుకున్నాడు.

ఊళ్లో ఏమంటున్నారని అడిగావు. అనేవాళ్లు అన్నారు. ఊరి కట్టుబాట్లు చూసే పెద్దకాపు గంగులయ్య గంగమ్మ గుడి దగ్గరికి పిలిపించాడు. పదిమంది పెద్దమనుషులు కూర్చున్నారు. "మొగుడు దేశం మీద ఉంటే ఆడది కారు కొనేదేందిమే? పోలయ్య ఒప్పుకున్నాడా?" అన్నాడు.

"ఒప్పుకోడు పెద్దయ్యా. ఒప్పుకోడని తెలిసే అడగలా" అన్నాను.

"ఆడవాళ్లు పడవెక్కితే గంగమ్మ ఓర్చదని మన తాతలు కట్టుబాటు పెట్టినారు. నువ్వు ఏకంగా తోలతానంటుండావు."

"పడవెక్కొద్దన్నారు, ఎక్కలా. కారెక్కొద్దని ఏ తాత చెప్పినాడో చెప్పండి. వాళ్లు కారే చూళ్లేదు గదా."

వెనక కూర్చున్న ఆడవాళ్లు నవ్వారు. గంగులయ్యకు మొహం కందిపోయింది. "నీ యిష్టం మే, రేపు ఏదన్నా అయితే మమ్మల్ని అడగబాక" అని లేచిపోయాడు. మూడు వారాల తర్వాత వాళ్ల ఇంటామెకు నెల్లూరులో కంటి ఆపరేషను. ఆటోలో కుదుపులు పడకూడదని డాక్టరు చెప్పాడట. తెల్లారకముందే మన ఇంటి ముందు నిలబడి, పిలవడానికి నామోషీ అయి దగ్గుతున్నాడు. నేను కారు తలుపు తీశాను. వెనక సీట్లో కూర్చుని విడవలూరు దాకా "మెల్లిగా, మెల్లిగా" అన్నాడు, తర్వాత గురక పెట్టాడు. ఇప్పుడు గుడి దగ్గర ఆ కారు మంచిదేనని ఆయనే చెబుతున్నాడట.

కొత్త పడవకు చేసినట్టే దానికి పసుపూ కుంకుమా పెట్టి, వేపమండలు కట్టి, గుమ్మడికాయ కొట్టాను. ఎప్పుడూ అంతవరకే కదా మా ఆడవాళ్ల పని, తర్వాత ఇసకలో నిలబడి మీరు ఎక్కిపోతుంటే చూడటమే. ఈసారి గుమ్మడికాయ కొట్టి, చెయ్యి కడుక్కుని, నేనే ఎక్కాను. అవ్వను వెనక కూర్చోబెట్టాను. ఆ సీట్లలోంచి చల్లగాలి వస్తుంది. అవ్వ వెనక్కి తిరిగి చూసుకుని, "వీపు కింద ఎవురో విసురుతుండార్మే" అన్నది. రామతీర్థం దాకా పోయి వచ్చాం. దిగేటప్పుడు ఏడ్చింది. "నా మొగుడు పడవెక్కనియ్యలా, నా కొడుకు ఎక్కనియ్యలా. నా మనవరాలు ఎక్కిచ్చింది" అని అందరికీ చెబుతోంది. నీ తల్లి మాట, నేను కల్పించింది కాదు.

పని కూడా ఉంది. రొయ్యపిల్లల హేచరీ వాళ్లు చెన్నై విమానం దిగే వాళ్ల గెస్టులను తెచ్చి దించడానికి నెలకు ఇంతని మాట్లాడుకున్నారు. పసుపు నంబరు బోర్డు కూడా వచ్చింది. గెస్టులు ముక్కు మూసుకుంటారని చేపల గంప మాత్రం కారెక్కించను. గంప వేసుకుని నేను షేరు ఆటోలో పోయి అమ్ముకొచ్చి, స్నానం చేసి, అప్పుడు కారు తీస్తాను. ఆటోవాడు రోజూ నవ్వుతాడు. నవ్వనీ.

ఇంక రెండు ప్రశ్నలున్నాయి. డబ్బెక్కడిదని ఒకటి. మన పడవ పని ఎక్కడిదాకా వచ్చిందని ఒకటి. పడవ సంగతి నువ్వు ప్రతి ఫోనులోనూ అడిగావు, ప్రతిసారీ అవుతోందని నేను దాటేశాను. రెండింటికీ జవాబు ఒకటే.

పడవ లేదు మామా. ఫైబరు పడవకు కట్టిన అడ్వాన్సు వెనక్కి తీసుకున్నాను, మన వంతు ఇంకొకరికి పోయింది. పడవ కోసం దాచిందంతా కారైంది. ఏడేళ్లు పరాయి బోట్ల మీద ఒళ్లు హూనం చేసుకుని నువ్వు పంపింది ఎంతో నాకు తెలుసు. నా చేపల గంప అందులో వేసింది ఎంతో నీకూ తెలుసు. సొంత పడవ మీద మన తీరంలో వేటకు పోవాలని నువ్వు ఎంత ఆశపడ్డావో కూడా తెలుసు. తెలిసే చేశాను. ఇప్పుడు లేచి నిలబడి తిడుతుంటావు. తిట్టడం అయ్యాక కూర్చుని తర్వాతిది చదువు.

నీకు ఎడమచెవి వినపడదు.

దాచానని అనుకున్నావు. వేట నిషేధం రోజుల్లో నువ్వు ఇంట్లో ఉన్న రెండు నెలలూ నేను చూస్తూనే ఉన్నాను. పెరట్లో నీ ఎడమపక్క నిలబడి మూడుసార్లు పిలిచాను, తిరగలేదు. అవ్వ "వాడికి పొగరెక్కింది" అన్నది. నువ్వు కుడిచెవి దిండుకు ఆనించి పడుకుంటే పిడుగు పడినా లేవవు. అటు తిరిగి పడుకుంటే నా గాజుల చప్పుడుకే లేస్తావు. ఇరవై రెండేళ్లు పక్కన పడుకున్నదాన్ని, నాకు తెలియదనుకున్నావా? ముప్ఫై ఏళ్లు ఆ ఇంజను పక్కనే కూర్చున్నావు, అదే తినేసింది. ఇప్పుడు కుడిచెవికి కూడా వస్తోంది. శ్రావణంలో నువ్వు బోటు హారన్ల మధ్య నిలబడి ఫోను చేసినప్పుడు, నేను కావాలనే మాట్లాడకుండా ఊరుకున్నాను. నువ్వు "ఊ" అన్నావు. కాసేపాగి "సరే, అట్నే చెయ్యి" అన్నావు. నేను నోరే తెరవలేదు మామా. ఫోను పెట్టేసి బావి దగ్గర కూర్చుని ఏడ్చాను. మర్నాడు అబిగయీలు దగ్గరికి పోయాను.

మొన్న మధుబాబుకు అన్నం పెట్టాను. చెప్పొద్దని నువ్వు వాడి చేత ఒట్టు వేయించుకున్నావు. పీతల ఇగురు రెండోసారి వడ్డించేసరికి ఒట్టు తీసి గట్టున పెట్టాడు. వల లాగే వించి తీగ తెగినప్పుడు నీ వెనక ఐదుగురు అరిచారట. ఐదుగురు. నువ్వు తిరగలేదు. వాడు చొక్కా పట్టి లాగితే తల తప్పి భుజానికి తగిలిందట. పది రోజులు చెయ్యి లేవలేదట. నాకేమో "క్షేమం" అని రాశావు. నువ్వు నా కారు మీద అబద్ధమాడానంటావు, నీ క్షేమం మీద నువ్వు ఆడలేదా?

ఆ చెవులతో నీకు పడవ కొనివ్వమంటావా? తెల్లారుజామున మంచులో కృష్ణపట్నం పోయే ఓడ హారను కొడితే ఎవరు వింటారు? పడవ కొనివ్వడం అంటే నా చేతులతో నేను నిన్ను సముద్రంలో తోయడమే. నేను తొయ్యను. నువ్వు నన్ను వదిలేస్తానన్నా తొయ్యను.

ఇప్పుడు ఆ పరీక్ష సంగతి చెబుతాను. చెన్నైలో సమాధానం అన్న ఎడమచెవిలో దూది కుక్కి, నా పక్క సీట్లో కూర్చోబెట్టాను. అమ్మేవాడు వెనక కూర్చున్నాడు. హైవే ఎక్కాక, ఇంట్లో మాట్లాడే గొంతుతోనే, "అన్నా, ఇంటికాడ నిన్న ఏం కూర?" అన్నాను. "వంకాయలో ఎండు రొయ్యలు" అన్నాడు. తల కూడా తిప్పలేదు. తెల్ల డీజిలు కారులో కూడా అట్లాగే అడిగాను. "ఆఁ?" అన్నాడు. నేను అప్పుడే తేల్చుకున్నాను. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో ఆ తర్వాతే చూశాను.

సంక్రాంతి దాకా ఆగొద్దు. ఈ ట్రిప్పు దిగగానే జీతం లెక్క తీసుకుని అహ్మదాబాదులో రైలెక్కు. నెల్లూరులో దిగు. అక్కడ చెవుల డాక్టరుకు చూపిద్దాం, మిషను పెట్టుకోమంటే పెట్టుకుందువు. గంగులయ్య ఇంటామె నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఊరంతా తిరుగుతోంది, నీకేమి సిగ్గు. రేవులో చేపను చూసి బరువు చెప్పే కన్ను నీది, వేలంపాటలో సరుకు నువ్వు కొను, గంప నేను అమ్ముతాను. వల అల్లడానికి కూడా చెవులక్కర్లేదు.

పెళ్లాం తోలే కారులో పక్కన కూర్చోవడం నామోషీ అంటావేమో. నేను ఇరవై రెండేళ్లు ఇసకలో నిలబడి నీ పడవకు దండం పెట్టాను. ఒక్కనాడూ ఎక్కమనలేదు నువ్వు. నేను నిన్ను ఎక్కమంటున్నాను. రానని మొండికేస్తే నేనే వస్తాను, రెండు లక్షల ఎనభై ఆరు వేలు తిరిగిన కారుకు గుజరాతు ఒక దూరం కాదు.

స్టేషను బయట బూడిద రంగు కారు. వెనక సీటు గెస్టులది, అక్కడ కూర్చోకు. ముందు, నా ఎడమపక్క కూర్చో. నేను స్టీరింగు పట్టుకుంటే నీ కుడిచెవి నా వైపే ఉంటుంది. నేను సరిచూసుకున్నాను. నీతో ఏళ్ల తరబడి చెప్పకుండా ఉండిపోయిన మాటలు కొన్ని ఉన్నాయి, అవి అరిచి చెప్పేవి కావు.

ఇట్లు,
నీ అక్క కూతురు, నీ ఇల్లాలు,
మహాలక్ష్మి